గనిసీమలో మన తిండి చరిత్ర: రాగి సంగటి నుండి తెల్లన్నం దాకా

కోలారు బంగారు గనుల చరిత్రను వ్రాసినవారు చాలామంది ఉన్నారు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు పని చేపట్టుట, 1894లో బంగారుపేట నుండి మారికుప్పానికి రైలు వచ్చుట, 1902లో శివసముద్రం నుండి విద్యుచ్ఛక్తి వచ్చుట, 1956లో గనులు మైసూరు ప్రభుత్వపరం అగుట, 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతబడుట - ఇవన్నీ మన పిల్లలు సైతం తడుముకొనకుండా ఒప్పజెప్పగలరు. నూట ఇరవై ఏండ్లలో సుమారు 800 టన్నుల బంగారం ఈ నేలనుండి వెళ్ళినదని కూడా చెప్పగలరు. అయితే ఆ బంగారాన్ని తవ్వినవాడు ఏమి తిని గనిలోకి దిగినాడో, ఆ తిండి ఎవరు విసిరి, ఎవరు దంచి, ఎవరు వండి పెట్టినారో వ్రాసినవారు మాత్రం తక్కువ. మేము పండితులము కాము. రైల్వేలో గుమాస్తా పని చేసుకొని బ్రదికేవారము. అయినను మన సంఘంవారు ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయుమని కోరినప్పుడు, మన కంచం చరిత్రే వ్రాయవలెనని తోచినది. అందుకు కారణం కలదు. నేడు చాంపియన్ రీఫ్స్‌లో ఏ తెలుగు ఇంటికి వెళ్ళినా అలమరలో దేవుని పటం ప్రక్కన చక్కెర వ్యాధి మాత్రలో, రక్తపోటు మాత్రలో కనబడుతున్నవి. మన తాతల ఇండ్లలో ఈ మాత్రలు లేవు. వైద్యం అందక కొన్ని రోగాలు వారికి తెలియలేదన్నది నిజమే. కాని తిండిలోను పనిలోను వచ్చిన మార్పు అంతకన్న పెద్దది. ఆ మార్పు ఎట్లా వచ్చినదో చూతము.

మన పెద్దలు ఇక్కడికి వచ్చుటకు ముందు సంగతితో ప్రారంభించుదాము. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమంతటా గొప్ప కరువు వచ్చినది. 1871 జనాభా లెక్కలలో మైసూరు రాజ్యంలో 50 లక్షలకు పైగా ఉన్న జనం 1881 నాటికి సుమారు 42 లక్షలకు దిగినది. కోలారు సీమ ఆ కరువుకు మిక్కిలి నలిగినది. ఆ కరువు మరుపుకు రాకముందే ఇక్కడ గనుల పని ఊపందుకొన్నది. ఉత్తరార్కాటు జిల్లానుండి తమిళులు, అప్పటికి ఆ జిల్లాలోనే ఉన్న చిత్తూరు, పలమనేరు ప్రాంతాలనుండి తెలుగువారు కూలికి వచ్చినారు. 1911లో చిత్తూరు వేరు జిల్లా అయినది. కార్న్‌వాల్ నుండి ఇంగ్లీషువారు, ఇటలీవారు కూడా వచ్చినారు. మనవారు వెదురు తట్టీలతో కట్టిన గుడిసెలలో కాపురముండినారు. ఆ గుడిసె మూల ఒక తిరగలి, గుమ్మం ముందర ఒక రోలు ఉండేవి.

ఆ తిరగలిలో విసిరినది రాగులే. ఇది కోలారు సీమకు కొత్త ధాన్యం కాదు. రాగి మొదట తూర్పు ఆఫ్రికా ఎత్తు భూములలో సాగై, వేల ఏండ్ల క్రిందట మన దేశానికి వచ్చినదని శాస్త్రజ్ఞులు చెప్పుతున్నారు. ఎర్రనేల, తక్కువ వాన, చిన్న చెరువు ఉన్న చోట వరికన్న రాగి నమ్మకమైన పంట. పైగా రాగికి పురుగు సులభంగా పట్టదు. నేలలో పాతర త్రవ్వి, గడ్డి పరచి పోసి మూసిపెడితే ఏండ్ల తరబడి చెడదు. అందుచేతనే కరువు సీమవారికి అది ధాన్యమే కాక దాచుకొన్న ధనం కూడా అయినది. పదునారవ శతాబ్దపు కన్నడ కవి కనకదాసు తన రామధాన్య చరితలో వరికి, రాగికి జరిగిన వాదాన్ని వర్ణించినాడు. ఇద్దరిలో ఎవరు ఘనులని తేల్చుటకు శ్రీరాముడు రెండింటిని ఆరు మాసాలు చెరలో పెట్టించగా వరి నీరసించినది, రాగి చెక్కుచెదరలేదు. రాముడు మెచ్చి రాఘవుని పేరే దానికి ఇచ్చినాడని కథ. కథ మాట ఎట్లున్నా, నాలుగు వందల ఏండ్లనాడే వరి తినేవాడు గొప్ప, రాగి తినేవాడు తక్కువ అనే తగవు ఉన్నదని దీనివలన తెలియుచున్నది. మన తెలుగులో మాత్రం తగవు లేదా? పలనాట జొన్నకూడు తినవలసి వచ్చినందుకు శ్రీనాథుడు చాటువులలో ఎంత విసుక్కొన్నాడో చదువుకొన్నవారికి తెలియును.

మా అవ్వది పలమనేరు వైపు ఊరు. మా తాత భూమిలోపల పాళికి వెళ్ళే రోజులలో ఆమె తెల్లవారుజామున మూడు గంటలకు లేచేదట. ఎసటిలో కొంచెం బియ్యపు నూక వేసి, అది ఉడికిన పిదప రాగిపిండి కుప్పగా పోసి, నడుమ తెడ్డుతో గుంట చేసి, సన్నని మంటమీద మగ్గనిచ్చి, తెడ్డుతో గట్టిగా గెలికి, తడిచేతితో ముద్దలు కట్టేది. అందులోకి ఒకనాడు ఉలవకట్టు, ఒకనాడు తోటకూర పులుసు, చలికాలంలో అనపగింజలు, పితికిపప్పు. చెనిక్కాయలు వచ్చే కాలంలో ఊరుబిండి. గెట్ల మీద దొరికే చెంచలికూర, గురుగాకు కూడా కొంగున కట్టుకొని వచ్చేవారు. వానికి డబ్బు ఖర్చు లేదు. వేసవిలో రాగి అంబలి, అందులో మజ్జిగ, ఉప్పు, నంజుకొనుటకు ఉల్లిపాయ. మాంసం ఆదివారమో, జాతరకో. చక్కెర అతిథికి, నెయ్యి పసిబిడ్డకు, తెల్లన్నం పండుగకు.

ఈ తిండికి ఎదురుగా చేసిన పని ఎట్టిదో కూడా చెప్పవలెను. చాంపియన్ గని సుమారు మూడు కిలోమీటర్లకు మించి లోతు దిగినది. అంత లోతున రాతి వేడి 60 డిగ్రీల సెంటీగ్రేడు దాటేది. ఒంటిమీది చెమట ఆరకుండా ఎనిమిది గంటలు పనిచేసిన మనిషికి ఉప్పు వేసిన అంబలి ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. కార్న్‌వాల్ గనివారు తమ దేశంలో మాంసం, దుంపలు పెట్టి కాల్చిన పిండివంటను గనిలోకి తీసుకొనిపోవుట ప్రసిద్ధం. మనవాడు రాగిముద్దను డబ్బాలో తీసుకొనిపోయినాడు. ఇద్దరికీ కావలసినది ఒకటే: చెడిపోకుండా నిలిచేది, కడుపులో నిదానంగా అరిగేది. అయితే మన పెద్దలందరు ఆరోగ్యవంతులని చెప్పుట మా ఉద్దేశం కాదు. రాతిధూళి ఊపిరితిత్తులను తిన్నప్పుడు ఏ సంగటి కాపాడలేదు. ఎందరో నలభై ఏండ్లు నిండకుండానే దగ్గుతో పోయినారు. తిండి చేయగలిగిన మేలుకు హద్దు కలదు.

ఇక తెల్లబియ్యం ఎట్లా వచ్చినదో చూతము. పూర్వం వరి తినేవారు కూడా రోకటితో దంచిన దంపుడు బియ్యమే తినేవారు. అందులో తవుడు కొంత నిలిచేది. ఇరువదవ శతాబ్దం మొదటి భాగంలో ఊరూరా బియ్యపు మరలు వచ్చినవి. ఆడవారికి రోకటి చాకిరి తప్పినది. అది గొప్ప ఉపకారం, కాదనకూడదు. కాని మర తవుడంతా ఊడ్చి, గింజను మల్లెపువ్వువలె చేసినది. దాని ఫలితం మన తెలుగు నేలమీద కూడా బయటపడినది. విశాఖ, గోదావరి, కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, గుండె బలహీనమై మనుషులు పడిపోయే బెరిబెరి వ్యాధి వ్యాపించినది. ప్రక్కనున్న తమిళ దేశంలో అది అరుదు. కారణమేమి? తమిళులు వడ్లను ఉడికించి ఆరబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యం తినేవారు. ఉడికించినప్పుడు తవుడులోని బి-1 విటమిను గింజలోపలికి ఇంకి, మరకు చిక్కకుండా మిగిలేది. మన సర్కారువారు పచ్చిబియ్యాన్ని తెల్లగా ఆడించుకొని తిన్నారు. ఈ రహస్యం అంతకు ముందే జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు కోళ్ళవలన కనిపెట్టినాడు. తెల్లబియ్యం తిన్న కోళ్ళు కూలబడినవి. తవుడు పెట్టగా లేచినవి. ఆయనకు 1929లో నోబెల్ బహుమానం వచ్చినది.

నీలగిరిలోని కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు ఇదే విషయాన్ని ఇంకొక విధంగా పరీక్షించినాడు. మన దేశంలోని వేరువేరు ప్రాంతాలవారు తినే భోజనాన్ని వేరువేరు ఎలుకల గుంపులకు పెట్టినాడు. ముడిగోధుమ రొట్టె, పాలు, పప్పు, ఆకుకూరలతో కూడిన పంజాబు సిక్కుల భోజనం తిన్న ఎలుకలు అన్నింటికన్న బలిష్ఠంగా పెరిగినవి. బియ్యం ఎక్కువగా, తక్కినవి కొద్దిగా ఉండే మదరాసు భోజనం తిన్నవి అట్టడుగున నిలిచినవి. ఆ కూనూరు పరిశోధనాలయమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, పిమ్మట జాతీయ పోషకాహార సంస్థ అయినది. 1934లో గాంధీ మహాత్ముడు స్థాపించిన గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యం, గానుగ నూనె, బెల్లం వాడుమని ఊరూరా చెప్పినది. విన్నవారు కొందరు, నవ్వినవారు ఎక్కువమంది.

గనిసీమలో మార్పు మెల్లగా వచ్చినది. జీతం కొంచెం పెరిగినప్పుడల్లా ఇంటిలో అన్నం ఒక పూట పెరిగినది. కొడుకు బడికి పోయి, ఇస్త్రీ చొక్కా తొడిగిన పిదప సంగటి తినుట నామోషీ అయినది. పెండ్లి సంబంధాలు చూచేటప్పుడు "వాళ్ళింట మూడు పూటలా అన్నమేనంట" అని గొప్పగా చెప్పుకొనేవారని మా అవ్వ చెప్పేది. కన్నతల్లి సంగటి వాసన గుర్తున్నవారికి కూడా అతిథి వస్తే సంగటి కుండ దాచిపెట్టే అలవాటు అయినది. 1960ల పిదప కొత్త వరి వంగడాలు వచ్చి బియ్యం విస్తారమైనది. 1983లో ఆంధ్ర దేశంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినది. ఆకలి తీరినది, అది మరువరాని మేలు. కర్ణాటకలో కూడా 2013 నుండి అన్నభాగ్య పథకం క్రింద బియ్యం ఇచ్చినారు. ఈ మధ్యకాలంలో రాగి దిగుబడి పెరగలేదని అనుకొనరాదు. మండ్య వి.సి. ఫారంలో లక్ష్మణయ్యగారు మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరించి ఇండాఫ్ రకాలు సృష్టించినారు. ఇండియా, ఆఫ్రికా పేర్లు రెండూ కలిసినదే ఆ పేరు. జనం ఆయనను రాగి లక్ష్మణయ్య అనే పిలుచుకొన్నారు. పంట పెరిగినా, కంచంలో దాని చోటు మాత్రం చిన్నదైనది.

2001లో గనులు మూతబడినప్పుడు మేము చిన్నవారము. ఆ తరువాతి చరిత్ర పుస్తకాలలో లేదు, మా రైళ్ళలో ఉన్నది. తెల్లవారకముందే మారికుప్పం, చాంపియన్, ఊరుగాం, కోరమాండల్ స్టేషన్లలో వేలమంది బెంగళూరు బండి ఎక్కుచున్నారు. మా నాయన కూడా గని పని పోయిన పిదప ఇట్లే వెళ్ళి ఒక ఆఫీసు ముందర కాపలా ఉద్యోగం చేసినాడు. ఉదయం ఏమీ తినకుండా బండి ఎక్కుట, దారిలో టీ, బన్ను, మధ్యాహ్నం ఏదో వేపుడు, రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరి కంచం నిండా తెల్లన్నం తిని పండుకొనుట. పని మాత్రం కుర్చీలో కూర్చుండే పని. చేతులు గని వదిలినవి, ఆకలి గనిని వదలలేదు. ఏబది ఏండ్లు నిండకముందే ఆయనకు చక్కెర వ్యాధి వచ్చినది, పొట్ట ముందుకు వచ్చినది.

దీనికి లెక్క కలదు. గుమాస్తాకు లెక్క చెప్పకపోతే నిద్రపట్టదు గనుక చెప్పుచున్నాము. 2020 నాటి భారత వైద్య పరిశోధనా మండలి అంచనా ప్రకారం కూర్చుండి పనిచేసే పురుషునికి రోజుకు సుమారు 2,110 కేలరీల శక్తి చాలును. కష్టమైన దేహశ్రమ చేసేవానికి 3,470 వరకు కావలెను. తేడా 1,360 కేలరీలు. ఇది సుమారు 380 గ్రాముల బియ్యానికి సమానం. అనగా గనివాని కొడుకు కుర్చీలో కూర్చొని, గనివాని కొలతనే తింటే రోజుకు అంత బియ్యం శక్తి ఒంటిలో కొవ్వుగా చేరుచున్నదన్నమాట. 2023లో వెలువడిన దేశవ్యాప్త పరిశోధన మన దేశంలో 10 కోట్లకు పైగా చక్కెర వ్యాధిగ్రస్తులున్నారని తేల్చినది. అదే సంవత్సరాన్ని మన దేశం కోరగా ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపినది. రెండూ ఒకే ఏట జరుగుట ఆలోచించదగినది.

ఇక్కడ ఒక భ్రమ తొలగించవలెను. "రాగి తింటే సన్నబడతారు" అని ఈనాడు చాలామంది అనుకొంటున్నారు. హైదరాబాదు సంస్థవారి 2017 పట్టికలు చూస్తే, 100 గ్రాముల రాగులలో సుమారు 320 కేలరీలు, తెల్లబియ్యంలో సుమారు 356 ఉన్నవి. తేడా స్వల్పం. మాంసకృత్తులు రెండింటిలోను ఏడెనిమిది గ్రాములే. మరి రాగి గొప్ప ఎక్కడున్నది? పీచు రాగిలో 11 గ్రాములు, తెల్లబియ్యంలో మూడుకు లోపు. సున్నం రాగిలో సుమారు 364 మిల్లీగ్రాములు, బియ్యంలో ఎనిమిదికి లోపు. ఇనుము రాగిలో నాలుగున్నర మిల్లీగ్రాములు, బియ్యంలో ఒకటి కూడా లేదు. పీచువలన కడుపు త్వరగా నిండినట్లుండి, ఆకలి ఆలస్యంగా వేయును. యుగాండాలో పనిచేసిన బర్కిట్, ట్రోవెల్ అనే వైద్యులు పొట్టు తీసిన తిండికీ, నాగరికుల రోగాలకూ ఉన్న సంబంధాన్ని 1970లలో లోకానికి చాటినది ఈ పీచు విషయంలోనే. రాగి మన దేశానికి వచ్చినది కూడా ఆ తూర్పు ఆఫ్రికానుండే.

అయితే రాగిని ఎట్లా తిన్నామన్నది ముఖ్యం. మెత్తని పిండిని పలుచని జావగా కాచి, చక్కెర కలిపి తాగితే రక్తంలో చక్కెర వేగంగా పెరుగును. డబ్బాలలో అమ్మే తీపి రాగిపొడులవలన లాభం లేదు. మన అవ్వలు ముద్దను ఒంటరిగా పెట్టలేదు. ఉలవలు, ఆకుకూర, పప్పు, మజ్జిగ దానికి తోడు పెట్టినారు. బలం ఆ కలయికలో ఉన్నది. నాలుగు ముద్దలు తాత కొలత. కుర్చీ ఉద్యోగికి ఒకటి, నిండా కూర, అంతే చాలును. అన్నం మీద పగ అక్కరలేదు. తక్కువ పాలిషు బియ్యమో, ఉప్పుడు బియ్యమో వాడి, అన్నం సగం తగ్గించి, కూర రెండింతలు చేయుట మేలు. కొర్రలు, సామలు, జొన్నలు వారానికి రెండు మూడు మార్లు వండవచ్చును. వేపుడు తగ్గించి పులుసు పెంచవచ్చును. ఉప్పు మాత్రం తాతలవలె వాడరాదు. వారికి అది చెమటలో పోయేది, మనకు పోదు. రోజుకు ఐదు గ్రాములకు లోపు ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా చూచుకొనవలెను. దర్జీ టేపు ఉంటే చాలును, దీనికి డాక్టరు ఫీజు లేదు.

మా ఇంటిలో మా అమ్మ మూడేండ్లుగా రాత్రిపూట సంగటి, ఉలవకట్టు, ఆకుకూర మరల మొదలుపెట్టినది. మొదటి వారం మా నాయన "పేదకాలం తిరిగి తెచ్చినావా?" అని అలిగినాడు. అమ్మ, "మీ అమ్మ చేతి వంటే గదా, తినండి" అన్నది. తరువాత ఆయనే ఉలవలు తెచ్చి ఇచ్చుచున్నాడు. సాయంకాలం స్టేషను దాకా నడిచి వచ్చుచున్నాడు. ఏడాదిలో నడుము పట్టీ రెండు రంధ్రాలు లోపలికి వచ్చినది. మందు మానలేదు, వైద్యుడే చూచి మోతాదు తగ్గించినాడు. చక్కెర మందు తీసుకొనేవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడుగకుండా తిండి మార్చరాదని ఈ సందర్భంలో గట్టిగా మనవి చేయుచున్నాము.

మన కోలారు సీమలోనే, ముద్దెనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వులు కూడా తెలుగునేలనుండి వచ్చినవారే. ఆయన 1962లో, నూరేండ్లు దాటిన పిదప స్వర్గస్థులైనారు. మితాహారం, నిత్యం నడక, వేళతప్పని దినచర్య ఆయన అలవాట్లు. ఆ అలవాట్లకు డబ్బు అక్కరలేదు.

చివరకు మన సంఘంవారికి రెండు మనవులు. పండుగ భోజనంలో పులిహోర, బూరెల ప్రక్కన ఒక సంగటి ముద్ద, ఊరుబిండి కూడా పెట్టించండి. సభలో అందరి ఎదుట తిన్నదానిని పిల్లలు ఇంటిలో తినుటకు సిగ్గుపడరు. రెండవది, మన లైన్లలో ఎనభై ఏండ్లు దాటిన అవ్వలు ఇంకా కొందరు ఉన్నారు. పితికిపప్పుకు గింజలు ఎంతసేపు నాననివ్వవలెనో, గురుగాకును ఏ నెలలో కోయవలెనో, ఉలవలు ఎంత మంటమీద కట్టుగా దిగునో వారికే తెలియును. మన యువతీ యువకులు ఒక నోటుబుక్కు తీసుకొని వారి దగ్గర కూర్చొని వ్రాసుకొనవలెను. వచ్చే ఉగాది సంచికలో ఆ వంటలు వారి మాటలలోనే అచ్చు వేయించవచ్చును. గని లోతు ఎంతో కంపెనీవారు వ్రాసిపెట్టుకొన్నారు. ఈ లెక్క మనమే వ్రాసుకొనవలెను.